పాల ప్యాకెట్లు, అట్ట డబ్బాలు, సీసాలు: రీసైక్లింగ్‌కు సరిగ్గా ఇవ్వడం ఎలా?

పాల ప్యాకెట్ కడగాలా, అలాగే ఇచ్చేయొచ్చా? అట్ట డబ్బాను పాత పేపర్లతో కలపొచ్చా? సీసా మూత తీయాలా, ఉంచాలా? ఈ మూడు ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి. ఒక్కోదానికి విడిగా జవాబు చెబితే కుదరదు. ప్యాకెట్‌కు సరైన పద్ధతి సీసాకు తప్పు, సీసాకు సరైనది అట్ట డబ్బాకు తప్పు. అందుకే మొదటి నుంచీ వరసగా రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. మంచినీళ్ల సీసా వారం పాటు మూలన పడున్నా ఏమీ కాదు. పాల ప్యాకెట్ అలా కాదు, తెల్లారేసరికి పులిసి వాసన కొడుతుంది. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు ప్యాకెట్ లోపలి గోడలకు పట్టేస్తాయి, చీమలు చేరతాయి, పక్కనున్న శుభ్రమైన సరుకు కూడా పాడవుతుంది. కాబట్టి పాల ప్యాకింగ్ రీసైకిల్ అవుతుందా లేదా అన్నది చాలావరకు మీ సింక్ దగ్గరే, పాలు ఒంపేసిన మొదటి నిమిషంలోనే తేలిపోతుంది.

## 1. కడగడానికి ముందు అడగండి

ఎక్కువమంది ఈ పని చెయ్యరు. నెలంతా కడిగి ఆరబెట్టి దాచిన సంచిని తీరా తీసుకెళ్తే ‘ఇవి మేం తీసుకోం’ అంటారు. మీ దగ్గర ఎవరు ఏది తీసుకుంటారో తెలిశాకే మిగతా పని మొదలుపెట్టండి.

తీసుకునేవాళ్లు సాధారణంగా మూడు రకాలు. పొడి చెత్త సేకరించే మున్సిపల్ సిబ్బంది, తూకానికి కొనే తుక్కు వ్యాపారులు, ఒక్క రకం సరుకే తీసుకునే సేకరణ కేంద్రాలు. ఒకరు వద్దన్నది మరొకరికి కావాల్సి ఉంటుంది.

వాళ్లను అడగాల్సినవి:

- మెత్తని పాల ప్యాకెట్లు తీసుకుంటారా? విడిగా కట్ట కట్టి ఇవ్వాలా?
- పాల అట్ట డబ్బాలు తీసుకుంటారా? లోపల వెండి రంగు పొర ఉన్నవి కూడానా?
- సీసాలకు మూతలు ఉంచాలా, తీయాలా?
- సరుకును చేత్తో ఏరతారా, యంత్రంతో వేరు చేస్తారా?

చివరి ప్రశ్న వింతగా అనిపించవచ్చు. కానీ సీసాను నొక్కాలా వద్దా అన్నది దాని జవాబు మీదే ఆధారపడి ఉంది. 5వ భాగంలో ఆ సంగతి వస్తుంది.

## 2. చేతిలో ఉన్నది ఏ రకమో గుర్తుపట్టండి

ముందు త్రికోణం గుర్తు వెతకండి. సీసాకైతే అడుగున, ప్యాకెట్‌కైతే వెనకవైపు అచ్చులో ఉంటుంది. త్రికోణం లోపలి అంకె ఏ ప్లాస్టికో చెబుతుంది. అంతేగానీ ‘ఇది తప్పకుండా రీసైకిల్ అవుతుంది’ అని ఆ గుర్తుకు అర్థం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

- 1: పెట్. గాజులా పారదర్శకంగా ఉండే సీసాలు. తెల్ల రంగు కలిపినవీ ఉంటాయి.
- 2: హెచ్‌డీపీఈ, అంటే ఎక్కువ సాంద్రత పాలిథిన్. మబ్బుగా లేదా తెల్లగా ఉండే గట్టి సీసాలు, చాలా మూతలు.
- 4: ఎల్‌డీపీఈ, అంటే తక్కువ సాంద్రత పాలిథిన్. మెత్తని పాల ప్యాకెట్లు ఎక్కువగా ఈ రకమే. ఇందులో సాగే గుణం కోసం ఎల్‌ఎల్‌డీపీఈ అనే మరో రకం పాలిథిన్ కలుపుతారు.
- 5: పాలీప్రొపిలీన్. కప్పులు, కొన్ని మూతలు.
- 6: పాలీస్టైరీన్. విరిస్తే ఫట్‌మని విరిగే కప్పులు.
- 7: పై వాటిలో చేరని ప్లాస్టిక్, లేదా పలు రకాలు కలిసినది.
- 84: కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం కలిసిన అట్ట డబ్బా.

అంకె కనపడకపోతే నీళ్ల పరీక్ష చేయండి. వేలి గోరంత ముక్క కోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. సబ్బు లేకపోతే మునగాల్సిన ముక్క కూడా నీటి పైపొర మీద తేలిపోయి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఎల్‌డీపీఈ, హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక కాబట్టి పైకి వస్తాయి. పెట్ సాంద్రత సుమారు 1.38 (నీటిది 1), అడుక్కి పోతుంది. పాలీస్టైరీన్ కూడా మునుగుతుంది, కాకపోతే మెల్లగా.

వెండిలా మెరిసే పాలపొడి ప్యాకెట్లకు నలిపే పరీక్ష చాలు. గుప్పిట్లో నలిపి వదిలేస్తే, నలిగినట్టే ఉండిపోయేది అల్యూమినియం రేకు. మళ్లీ విచ్చుకునేది లోహపు పూత వేసిన ప్లాస్టిక్.

కాల్చి వాసన చూసే పరీక్ష ఒకటి చలామణిలో ఉంది. అది వద్దు. ఆ పొగ పీల్చడం తప్ప ఇంట్లో దానివల్ల తేలేదేమీ లేదు.

## 3. మెత్తని పాల ప్యాకెట్లు

అన్నిటికన్నా ఎక్కువ పోగయ్యేవీ, ఎక్కువ వృథా అయ్యేవీ ఇవే. ఇంతా చేసి ఒక్కో ప్యాకెట్ పల్చని పొర, మందం 50 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. ఖాళీ అర లీటరు ప్యాకెట్ బరువు రెండు మూడు గ్రాములే. కిలో కావాలంటే దాదాపు 400 ప్యాకెట్లు కావాలి. రోజుకు రెండు వాడే ఇంట్లో అది ఆరు నెలల పైచిలుకు పని. ఒక్క ప్యాకెట్‌ను ఎవరూ వంగి ఏరుకోరు. కడిగి, పోగేసి, కట్టగా ఇస్తేనే దానికి విలువ.

3.1 కోసే ముందు. ప్యాకెట్ బయటివైపు కుళాయి కింద కడగండి. రవాణాలో పట్టిన దుమ్ము, పగిలిన వేరే ప్యాకెట్ల పాలు దాని మీద ఉంటాయి. ఈ కడుగుడు రీసైక్లింగ్‌కే కాదు, మీ పాలకూ మంచిదే.

3.2 మూల కోయడం. కత్తెరను మూలకు ఏటవాలుగా పెట్టి కోస్తూ, చివర గోరు వెడల్పంత ఉండగానే ఆపేయండి. ముక్క ఊడిపోకూడదు, వేలాడుతూ ఉండాలి. పాలు ఒంపేటప్పుడు అడ్డం వస్తే బొటనవేలితో వెనక్కి మడిచి పట్టుకుంటే సరిపోతుంది. ఊడిపోయిన ఆ చిన్న త్రికోణం ముక్క సింక్ రంధ్రంలోనో, చెత్త కుప్పలోనో, ఏరేచోట జల్లెడ కిందో పడిపోతుంది. దాన్ని తిరిగి పట్టుకునే పద్ధతంటూ ఏదీ లేదు.

3.3 మొదటి నీళ్లు. ఒంపేశాక ప్యాకెట్‌లో రెండు మూడు చెంచాల మంచినీళ్లు పోసి, మూల పట్టుకుని నాలుగుసార్లు ఆడించి, కాచబోయే పాలలోనే కలిపేయండి. మూలల్లో మిగిలిన పాలు వృథా కావు, కడగాల్సిన జిడ్డు సగం తగ్గుతుంది.

3.4 పూర్తిగా తెరవడం. మూల రంధ్రం గుండా ఎంత కడిగినా లోపలి అతుకుల దగ్గర పాలు నిలుస్తాయి. ఇప్పుడు పై అంచును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కోయండి. ఇక్కడా చివర కొద్దిగా వదిలేయండి, ఆ పట్టీ ఊడకుండా.

3.5 రెండో నీళ్లు. చల్లని నీళ్లతోనే. వేడి నీళ్లైతే బాగా శుభ్రపడుతుందనుకుంటారు. కానీ పాలలోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి గోడకు అతుక్కుంటాయి. మరీ వేడి నీళ్లు తగిలితే ప్లాస్టిక్ మెత్తబడి ముడుచుకుంటుంది కూడా. వెంటనే కడిగితే సబ్బు అక్కర్లేదు. గిన్నెలు కడిగిన చివరి నీళ్లు వాడినా చాలు. దీనికోసం కుళాయి వదిలేసి నిలబడాల్సిన పని లేదు.

3.6 ఆరబెట్టడం. లోపలివైపు బయటికి తిప్పి, బట్టల క్లిప్పుతో తీగకు వేలాడదీయండి. నీడలో గాలి తగిలితే చాలు. ఎండలో గంట రెండు గంటలు ఉంచినా ఫర్వాలేదు గానీ, వారాల తరబడి వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కి పొడిపొడి అవుతుంది.

3.7 ఎక్కడ వేయకూడదు. అన్నీ కలిపే పొడి చెత్త డబ్బాలో వదులుగా వేయకండి. ఏరే యంత్రాల్లో తిరిగే చక్రాలు, ఇరుసులు ఉంటాయి. మెత్తని ప్లాస్టిక్ వాటికి చుట్టుకుంటుంది. యంత్రం ఆపి, మనిషి లోపలికి దిగి, కత్తితో కోసి తీయాలి. అందుకే చాలాచోట్ల ప్యాకెట్లను విడిగా అడుగుతారు.

అన్ని ప్యాకెట్లూ ఒకటి కావు. ఎక్కువ రోజులు నిలవుండే పాలకు వాడే ప్యాకెట్ లోపల నల్లగానో వెండి రంగులోనో ఉంటుంది. వెలుతురు తగిలితే పాలలోని రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) పాడవుతుంది, రుచి మారుతుంది, అందుకే ఆ పొర. రీసైకిల్ చేసేవాళ్లకు మాత్రం అది తలనొప్పి. వీటిని మామూలు ప్యాకెట్ల కట్టలో కలపకుండా విడిగా పెట్టి, తీసుకుంటారేమో అడగండి.

‘కంపోస్ట్ అవుతుంది’ అని రాసి ఉన్నవి కూడా ఈ కట్టలోకి రాకూడదు. పాలిథిన్‌తో కలిపి కరిగిస్తే మొత్తం సరుకు నాణ్యత దెబ్బతింటుంది.

ఇలా వెళ్లిన ప్యాకెట్లను ముక్కలు చేసి, మళ్లీ కడిగి, కరిగించి గుళికలు చేస్తారు. ఎల్‌డీపీఈ 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. అచ్చు రంగులన్నీ కలిసిపోతాయి కాబట్టి గుళికలు ముదురు రంగులో వస్తాయి. వాటితో చెత్త సంచులు, పైపులు, తోటపని షీట్లు తయారవుతాయి. పాల ప్యాకెట్ మళ్లీ పాల ప్యాకెట్ కావడం అరుదు.

## 4. అట్ట డబ్బాలు

చూస్తే కాగితం, నిజానికి కాగితం ఒక్కటే కాదు. ఇందులో రెండు రకాలున్నాయి.

పై భాగం ఇంటి కప్పులా వాలుగా ఉండి, చల్లని అరల్లో అమ్మేది ఒక రకం. అట్టకు రెండు వైపులా పాలిథిన్ పూత, అంతే. ఇటుకలా నలుచదరంగా ఉండి, తెరిచేదాకా బయటే నెలల తరబడి నిలవుండేది రెండోది. దీనిలో ఆరు పొరలుంటాయి. బరువులో సుమారు 75 శాతం అట్ట, 20 శాతం పాలిథిన్, 5 శాతం అల్యూమినియం. మూల చించి చూస్తే లోపల వెండి రంగు కనిపిస్తుంది.

పాత పేపర్లతో ఎందుకు కలపకూడదు? మామూలు కాగితం మిల్లులో పేపరు కొద్దిసేపట్లోనే నీళ్లలో కరిగి గుజ్జవుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న అట్ట అంత త్వరగా నానదు. గుజ్జు కాకుండానే తీసి పారేస్తారు. వీటికోసమే ఏర్పాటున్న మిల్లులో పెద్ద తొట్టిలో నీళ్లు పోసి 20, 30 నిమిషాలు సుడి తిప్పుతారు. రసాయనాలు అక్కర్లేదు, అట్టనార విడివడి వచ్చేస్తుంది. మిగిలిన ప్లాస్టిక్, అల్యూమినియం మిశ్రమాన్ని వేడిచేసి నొక్కి పలకలుగా, కప్పు రేకులుగా మారుస్తారు. డబ్బా సరైన మిల్లుకు చేరితేనే ఇదంతా.

చేయాల్సిన వరస ఇది:

1. చివరి చుక్క దాకా ఒంపండి. తలకిందులుగా అర నిమిషం నిలబెట్టండి.
2. పావు వంతు చల్లని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా ఆడించి పారబోయండి. మూత లేని డబ్బాకు అరచేయి అడ్డం పెట్టండి.
3. స్ట్రా ఉంటే లోపలికి నెట్టేయండి లేదా మీ సేకరణ కేంద్రం చెప్పినట్టు విడిగా తీయండి. స్ట్రా కవరు మాత్రం డబ్బాకు అంటుకుని ఉండకూడదు.
4. పైనా కిందా అతికించి ఉన్న నాలుగు మూలల చెవులను గోటితో లేపండి. డబ్బా దానంతట అదే చదునవుతుంది. చెవులు లేపకుండా కాలితో తొక్కితే మిగిలిన పాలు చిమ్ముతాయి, డబ్బా సగమే అణుగుతుంది.
5. మూత తీసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత గాలి పోయేలా నొక్కి మూత బిగించండి.

ఐదో అంచెలో తొందరపడేవాళ్లు ఎక్కువ. తడి ఉండగానే మూత బిగిస్తే లోపల బూజు పడుతుంది, అట్ట నాని పొరలు ఊడతాయి.

వారానికోసారి ఇచ్చే వీలుంటే ఈ పద్ధతి సరిపోతుంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి ఇచ్చేవాళ్లు డబ్బా పై భాగాన్ని కత్తెరతో పూర్తిగా తెరిచి, లోపల కడిగి, తెరిచినట్టే ఆరబెట్టండి. కొంచెం ఎక్కువ పనే, కానీ నిల్వలో వాసన రాదు.

ఇవి కంపోస్ట్ గుంతలోకి వెళ్లకూడదు. అట్ట కుళ్లిపోయినా పాలిథిన్ పొర చీలికలై మట్టిలో ఉండిపోతుంది.

## 5. ప్లాస్టిక్ సీసాలు

అన్నిటిలోకీ సులువుగా రీసైకిల్ అయ్యేవి ఇవే. రంగు కలపని హెచ్‌డీపీఈ సీసాలకు, పారదర్శక పెట్ సీసాలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. బాగా శుభ్రం చేసిన హెచ్‌డీపీఈ సీసాల గుళికలను కొన్ని దేశాల్లో కొత్త పాల సీసాల తయారీలోనే తిరిగి కలుపుతున్నారు.

తెల్ల రంగు కలిపిన పెట్ సీసాల కథ వేరు. అవి పారదర్శక పెట్‌లో కలిస్తే మొత్తం మబ్బుగా మారుతుంది. వీలుంటే విడిగా ఇవ్వండి.

కడగడం. మూడో వంతు నీళ్లు, మూత బిగింపు, ఆడింపు. పిడి ఉన్న సీసా అయితే ఇంకో పని ఉంది. పిడి లోపల బోలుగా ఉంటుంది, పాలు అక్కడ దాక్కుంటాయి. నీళ్లు పోశాక పిడి కిందివైపు ఉండేలా సీసాను పడుకోబెట్టి, అటూ ఇటూ ఊపి, అదే భంగిమలో ఒకసారి, తిప్పి ఇంకోసారి ఒంపండి. పుల్లటి వాసన పోవడం లేదంటే తొంభై పాళ్లు కారణం పిడే.

మూత కింది రేకు. సీసా మూతికి అతికించిన పల్చటి రేకును సగం చింపి వదిలేస్తుంటారు. అంచుల్లో మిగిలింది కూడా లాగేయండి.

పైన తొడిగిన కవరు. సీసా ఒంటినంతా చుట్టి ఉండే బొమ్మల తొడుగు వేరే ప్లాస్టిక్‌తో చేస్తారు. చుక్కల గీత ఉంటే దాని వెంట చింపండి, లేకపోతే కత్తెరతో నిలువునా కోయండి. చిన్న కాగితం లేబుల్ అయితే గీకుతూ కూర్చోకండి, కార్ఖానాలో కడిగేటప్పుడు అదే ఊడిపోతుంది.

మూతలు. మీ దగ్గర తీసుకునేవాళ్లు వేరేలా చెప్పకపోతే, సీసా ఆరాక మూత తిరిగి బిగించి ఇవ్వండి. విడిగా వేసిన మూతలు జల్లెడల్లోంచి జారిపోతాయి. మూత వేరే ప్లాస్టిక్ కదా అన్న అనుమానం అక్కర్లేదు. ముక్కలు చేశాక నీళ్ల తొట్టిలో పెట్ అడుక్కి పోతుంది, మూత ముక్కలు పైకి తేలతాయి. 2వ భాగంలో మీరు చేసిన పరీక్షే అక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది.

నొక్కాలా? చేత్తో ఏరేచోటికి వెళ్తుంటే నొక్కి ఇవ్వండి, చోటు కలిసొస్తుంది. కాగితం, ప్లాస్టిక్ కలిసి యంత్రంలో వేరయ్యేచోటికి వెళ్తుంటే నొక్కకండి. పూర్తిగా చదునైన సీసా కాగితాల వరుసలోకి కొట్టుకుపోతుంది.

ముదురు నలుపు సీసాలు, మూతలు చాలా యంత్రాలకు కనపడవు. పరారుణ కాంతిని ప్లాస్టిక్ మీద వేసి, తిరిగొచ్చిన కాంతిని బట్టి రకాన్ని గుర్తిస్తారు. మసి రంగు ఆ కాంతిని మింగేస్తుంది. మీ వైపు నుంచి చేయగలిగింది అలాంటివి కొనడం తగ్గించడమే.

## 6. గాజు సీసాలు

తిరిగి నింపే సీసా అయితే రీసైక్లింగ్ మాటే ఎత్తకండి. తిరిగి ఇచ్చేయండి. గాజును కరిగించి మళ్లీ సీసా చేయొచ్చు, ఎన్నిసార్లు చేసినా నాణ్యత తగ్గదు, నిజమే. కానీ కరిగించడానికి కొలిమిని సుమారు 1500 డిగ్రీల దాకా వేడిచేయాలి. కడిగి నింపడానికి అంత ఇంధనం పట్టదు.

ఖాళీ కాగానే నీళ్లతో నింపి ఉంచితే చాలు, అడుగున తెల్ల చార కట్టదు. చార కట్టేసిందా? గిన్నెల సబ్బు కలిపిన చల్లని నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున బ్రష్ వేయండి.

పగిలిన పాల సీసా ముక్కల్లో వేడికి తట్టుకునే గాజు గిన్నెలు, అద్దాలు, పింగాణీ ఎప్పుడూ కలపకండి. అవి వేరే ఉష్ణోగ్రత దగ్గర కరుగుతాయి, లేదా కరగనే కరగవు, కొత్త సీసాలో పలుకులై మిగులుతాయి. పగిలిన ముక్కలను మందపాటి కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని పెద్దగా రాయండి. అది ఏరే మనిషి వేళ్ల కోసం.

## 7. మిగతావి

*పాలపొడి, చిక్కటి పాల డబ్బాలు:* అయస్కాంతం అతుక్కుంటే ఉక్కు. కడిగి, కోసిన మూతను లోపలికి వేసి, అంచు చేతిని కోయకుండా డబ్బా మూతిని కాస్త నొక్కండి. ప్లాస్టిక్ పై మూత విడిగా.

*అట్ట గోడ, రేకు అడుగు ఉన్న గుండ్రటి డబ్బాలు:* కాగితం, అల్యూమినియం, ఉక్కు, ప్లాస్టిక్ అన్నీ ఒకదాంట్లోనే. తీసుకునేవాళ్లు తక్కువ. అడుగు రేకు ఊడదీయగలిగితే అది ఉక్కుతో పాటు వెళ్తుంది.

*మెరిసే పాలపొడి ప్యాకెట్లు:* పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్. మామూలు పద్ధతిలో రీసైకిల్ కావు. పాల ప్యాకెట్ల కట్టలో మాత్రం వేయకండి.

*కప్పులు:* రేకు మూతను పూర్తిగా ఒలిచేయండి, అట్ట చుట్టు ఉంటే విడదీయండి. 5, 6 అంకెలవి కలపొద్దు. ఒకదాంట్లో ఒకటి దూర్చి దొంతర పెట్టినా యంత్రం వాటిని ఒకే ముద్దగా చూస్తుంది.

*అల్యూమినియం రేకు మూతలు:* ఒక్కొక్కటిగా వేస్తే జల్లెడల్లోంచి జారిపోతాయి. కడిగి ఒకదాని మీద ఒకటి చుడుతూ, గుప్పెడంత ఉండ అయ్యాక ఇవ్వండి.

## 8. నిల్వ చేయడం

రకానికొక సంచి పెట్టుకోండి. ప్యాకెట్లకు ఒకటి, అట్ట డబ్బాలకు ఒకటి, గట్టి ప్లాస్టిక్‌కు ఒకటి. సంచి గాలి ఆడేది కావాలి, మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో మిగిలిన తేమంతా బూజవుతుంది.

ప్యాకెట్లను పాతిక, యాభై చొప్పున పరిచి, గట్టిగా చుట్టి, వాటిలోనే ఒక ప్యాకెట్‌ను పట్టీలా కోసి కట్టండి. రబ్బరు బ్యాండు, పురికొస వాడితే అదీ ఏరి తీయాల్సిన చెత్తే.

సంచిలో వేసే ముందు వేలితో మూలల్లో తడిమి చూడండి. తడి తగిలితే మళ్లీ తీగ మీదికి. ఒక్క తడి ప్యాకెట్ చాలు, వారం తిరిగేసరికి కట్టంతా కంపు కొడుతుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

వెంటనే కడగడం కుదరలేదు, పులిసిపోయింది. వేడి నీళ్ల జోలికి పోకుండా, చల్లని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి పది నిమిషాలు నానబెట్టండి. పాలు వదిలాక గోరువెచ్చటి నీళ్లతో ఒకసారి తొలిస్తే కొవ్వు కూడా పోతుంది. రోజూ ఇదే తంతైతే సింక్ పక్కన ఒక చిన్న బకెట్‌లో నీళ్లు పెట్టి, ఖాళీ ప్యాకెట్‌ను అందులో వదిలేయండి. సాయంత్రం అన్నీ కలిపి కడగండి.

బూజు పట్టేసింది. ప్లాస్టిక్‌కైతే సబ్బుతో కడిగితే సరిపోతుంది. అట్ట డబ్బాకు బూజు పట్టి పొరలు ఊడుతుంటే దాన్ని వదిలేయండి. మిగతా సరుకును కాపాడుకోవడమే తెలివి.

చీమలు. కడగడంలో లోటు ఉందని అర్థం, మందు చల్లి లాభం లేదు. అతుకుల దగ్గర మరోసారి చూడండి.

ప్యాకెట్లో చెత్త కట్టి పారేయడం. ఖాళీ ప్యాకెట్ చేతికందుతుంది కాబట్టి కూరగాయల తొక్కలు అందులో నింపేస్తారు. ప్లాస్టిక్‌తో పాటు కంపోస్ట్ కావాల్సిన తడి చెత్త కూడా పాడైంది. ఒక్క దెబ్బకు రెండు నష్టాలు.

మొక్కల సంచులుగా వాడటం. వాడుకోవచ్చు, కానీ నాకు దీనిమీద పెద్దగా నమ్మకం లేదు. ఎండకు పెళుసెక్కుతుంది, మట్టి పట్టి ఇక ఎవరికీ పనికిరాదు. నారు తీసి నాటగానే ప్యాకెట్ మట్టిలో ఉండిపోకుండా బయటికి తీయగలిగితేనే ఆ పనికి దిగండి.

కాల్చడం. నీళ్లు కాగడానికి పాల ప్యాకెట్లు పొయ్యిలో వేసే అలవాటు మానుకోవాలి. అరకొరగా మండిన ప్లాస్టిక్, దానిమీది అచ్చు రంగులు కలిసి వచ్చే మసి ఊపిరితిత్తులకు చేటు.

‘వాళ్లే కడుక్కుంటారులే.’ కడుగుతారు. కానీ పులిసిన సరుకు అక్కడిదాకా చేరదు. ఏరే మనిషి వాసన చూసే పక్కన పడేస్తాడు.

## 10. క్యాంటీన్లు, హాస్టళ్లు, టీ దుకాణాలు

రోజుకు 100 అర లీటరు ప్యాకెట్లు వాడే వంటగదిలో నెలకు ఏడెనిమిది కిలోలు పోగవుతాయి. అంత ఉంటే తూకానికి కొనేవాళ్లు మీ గుమ్మం దగ్గరికే వస్తారు. ఇబ్బందల్లా పొద్దున్నే హడావిడిలో ఎవరికీ తీరిక ఉండకపోవడం. ఒక్కో ప్యాకెట్‌ను ఒక్కొక్కరు కడగాలంటే ఆ నియమం రెండు రోజులు కూడా నిలవదు.

రెండు బకెట్ల పద్ధతి పెట్టండి. ప్యాకెట్ పై అంచును చివర కొద్దిగా వదిలి కోసి, పాలు ఒంపిన మనిషి దాన్ని మొదటి బకెట్‌లోని చల్లని నీళ్లలో వేస్తాడు. అతని పని అంతే. రద్దీ తగ్గాక ఇంకొకరు ఆ ప్యాకెట్లన్నీ కలిపి రెండో బకెట్‌లోని మంచినీళ్లలో తొలిచి, తీగమీద వేస్తారు. మొదటి బకెట్ నీళ్లు మధ్యాహ్నం దాటి ఉంచకండి, పులుస్తాయి.

బాధ్యత ఒక్క మనిషికే అప్పగించండి, అమ్మగా వచ్చిన డబ్బు కూడా ఆ మనిషికే ఇవ్వండి. గోడకు అంటించిన నోటీసుకన్నా అది బాగా పనిచేస్తుంది.

## 11. ఇచ్చే రోజు చూసుకోవాల్సినవి

- ప్యాకెట్ల కట్ట పొడిగా ఉందా? ముక్కుకు దగ్గరగా పెడితే వాసన వస్తోందా?
- లోపల నల్లగా, వెండి రంగులో ఉన్న ప్యాకెట్లు విడిగా ఉన్నాయా?
- అట్ట డబ్బాలు పాత పేపర్లలో కలవలేదు కదా?
- పారదర్శక సీసాలు, తెల్ల సీసాలు వేరయ్యాయా?
- సీసాల మూతి రేకులు, పై తొడుగులు తీశారా?
- మూతలు వాళ్లు చెప్పినట్టే ఉన్నాయా?
- పగిలిన గాజు చుట్టి, పేరు రాశారా?
- తిరిగి ఇవ్వాల్సిన గాజు సీసాలు తుక్కులోకి పోలేదు కదా?

వాళ్లు ఏదైనా పక్కన పెట్టేస్తే ఎందుకు పెట్టారో అక్కడే అడగండి. కొనేవాళ్ల అవసరాలు మారుతుంటాయి, మొన్న తీసుకున్నది ఇవాళ వద్దనవచ్చు. కారణం తెలిస్తే వచ్చేసారి ఆ రకానికి కడుగుడు కలిసొస్తుందో లేదో మీరే నిర్ణయించుకోవచ్చు.